విమానయాన సంస్థల లెక్కలు చదవడం ఎలా?

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ పండగలకు విజయవాడకో విశాఖకో విమానంలో వెళ్ళివచ్చే మన తెలుగువారిలో కొందరు, విమానం నిండుగా కనిపిస్తే చాలు ఆ సంస్థ లాభాల్లో ఉందనుకొని షేర్లు కొంటుంటారు. సీట్లు నిండటం వేరు, డబ్బు మిగలడం వేరు. ఈ తేడా తెలియాలంటే రెండు రకాల నివేదికలను పక్కపక్కన పెట్టుకొని చదవాలి.

మొదటిది పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ప్రతి నెలా ప్రకటించే దేశీయ ప్రయాణాల నివేదిక. ప్రయాణికుల సంఖ్య, మార్కెట్ వాటా, లోడ్ ఫ్యాక్టర్ (సీట్లు ఎంత శాతం నిండాయన్నది), రద్దయిన విమానాలు, సమయపాలన అందులో ఉంటాయి కానీ సంస్థల రాబడి, ఖర్చుల ప్రస్తావన ఉండదు. అందుకోసం స్టాక్ ఎక్స్ఛేంజీల సైట్లలో ఉండే త్రైమాసిక ఫలితాలు తెరవాలి. ఇండిగో ఫలితాలు అక్కడ ఇంటర్‌గ్లోబ్ ఏవియేషన్ అన్న పేరుతో ఉంటాయి.

తరువాత సీటు కిలోమీటరు లెక్కను ఒక్కసారైనా చేత్తో వేసి చూడండి. 180 సీట్ల విమానం 500 కిలోమీటర్లు ఎగిరితే 90,000 సీటు కిలోమీటర్లు అవుతాయి. దీన్నే ఏఎస్‌కే అంటారు. అందులో 150 మంది ఎక్కితే ప్రయాణిక కిలోమీటర్లు, అంటే ఆర్‌పీకే, 75,000 అవుతాయి కనుక లోడ్ ఫ్యాక్టర్ 83.3 శాతం. సగటు టికెట్ 3,600 రూపాయలనుకుంటే రాబడి 5,40,000 రూపాయలు. దాన్ని ఆర్‌పీకేతో భాగిస్తే వచ్చే 7.20 రూపాయలు యీల్డ్, ఏఎస్‌కేతో భాగిస్తే వచ్చే 6 రూపాయలు రాస్క్, అంటే సీటు కిలోమీటరు రాబడి. ఆ ప్రయాణానికి మొత్తం ఖర్చు 4,95,000 రూపాయలైతే సీటు కిలోమీటరు ఖర్చు, అంటే కాస్క్, 5.50 రూపాయలు. కాస్క్‌ను యీల్డ్‌తో భాగిస్తే 76.4 శాతం వస్తుంది. అంటే సుమారు 138 మంది ఎక్కేదాకా ఆ విమానం నష్టంలోనే ఎగురుతున్నట్టు. నా దృష్టిలో నివేదిక మొత్తంలో అన్నిటికన్నా విలువైన అంకె ఇదే, అయినా చాలాసార్లు దీన్ని మనమే లెక్కగట్టుకోవాలి. బెంగళూరు కేంద్రంగా 2005లో మొదలైన కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్‌కు ప్రయాణికుల కొరత లేదు, అయినా ఒక్క ఏడాదైనా లాభం చూపకుండానే 2012 అక్టోబరులో విమానాలు ఆపేసింది.

రెండు సంస్థల కాస్క్‌లను పోల్చేముందు వాటి సగటు ప్రయాణ దూరం చూడండి. టేకాఫ్‌కు కాలే ఇంధనం, విమానాశ్రయ రుసుములు తక్కువ కిలోమీటర్ల మీద పడతాయి కాబట్టి దగ్గరి రూట్లలో కాస్క్ సహజంగానే ఎక్కువగా ఉంటుంది. ఇంధనం తీసేసిన కాస్క్‌ను కూడా విడిగా రాసుకోండి, ఎందుకంటే చమురు ధర యాజమాన్యం చేతిలో ఉండదు, మిగతా ఖర్చు చాలావరకు ఉంటుంది.

ఆపైన ఫలితాల్లోని విదేశీ మారకం లాభనష్టాల వరుసకు రండి. మన సంస్థల విమానాలు ఎక్కువగా డాలర్ల అద్దెవే. 2019 ఏప్రిల్ నుంచి అమలైన ఇండ్ ఏఎస్ 116 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం రాబోయే అద్దెలు కూడా అప్పుగా నమోదవుతున్నాయి. రూపాయి పడిపోతే ఆ అప్పు రూపాయల్లో పెరిగి, ఆ త్రైమాసికంలో చేతినుంచి డబ్బు పోకపోయినా నష్టం కనిపిస్తుంది. దాన్ని పక్కనపెట్టి ఒకసారి, కలిపి ఒకసారి లాభనష్టాలు చూడాలి. బకాయి నిజమైనదే కనుక పూర్తిగా వదిలేయడమూ తప్పే.

చివరగా ఎనిమిది త్రైమాసికాల అంకెలతో ఒక పట్టిక తయారుచేసుకోండి. వర్షాకాలపు జులై–సెప్టెంబరును అంతకుముందు వచ్చిన వేసవి సెలవుల త్రైమాసికంతో కాక, కిందటేడాది జులై–సెప్టెంబరుతోనే పోల్చండి.