వంటింటి తడి చెత్త బాల్కనీలోనే ఎరువు

బెంగళూరులో రెండు బుట్టలు, ఒక సంచి పద్ధతి ఉంది: తడి చెత్తకు ఆకుపచ్చ బుట్ట, డైపర్లూ ప్యాడ్లకు ఎర్రది, పొడి చెత్తకు సంచి. బరువులో ఎక్కువ భాగం తడి చెత్తదే, కాబట్టి ముందు దాని సంగతి చూడండి.

20 లీటర్ల మూత బకెట్‌కు పక్కలా అడుగునా పెన్సిల్ పట్టేంత చిల్లులు పెట్టి, కింద పళ్లెం ఉంచండి. అడుగున నాలుగంగుళాల ఎండుటాకులు పరవండి. తొక్కలూ కాడలూ చిన్నగా తరిగి వేసి, ప్రతిసారీ అంతే పరిమాణంలో ఎండుటాకులో కొబ్బరిపొట్టో పైన కప్పాలి. ఈ కప్పడం దగ్గరే చాలామంది బద్ధకిస్తారు, పురుగులు పట్టేదీ అందుకే. వారానికి రెండుసార్లు కలపండి. కుళ్లు వాసన వస్తోందంటే తడి ఎక్కువై గాలి ఆడట్లేదు: పొట్టు కలిపి, పల్చటి గుడ్డ కట్టి మూత తీసి ఉంచండి. సాంబారు, నూనె, మాంసం వద్దు. నిండాక రెండు మూడు నెలలకు మట్టివాసన వస్తుంది. అప్పుడు జల్లెడ పట్టి కరివేపాకు కుండీలో వేయండి.