అమెరికా ఆర్థిక చరిత్ర చదవాలంటే ముందు పెన్సిల్ చెక్కుకోండి

ఆడిట్ పనిలో ఇరవై ఏళ్లు గడిపినవాణ్ని. అంకె కనబడితే ‘వోచర్ ఏదీ?’ అని అడగడం అలవాటైపోయింది. అమెరికా ఆర్థిక చరిత్ర మీద మామూలు పాఠకుల కోసం రాసే పుస్తకాలకు ఈ చాదస్తం బాగా పనికొస్తుంది.

లావుపాటి పుస్తకంతో మొదలుపెట్టకండి. నేను రాబర్ట్ గోర్డన్ ‘ద రైజ్ అండ్ ఫాల్ ఆఫ్ అమెరికన్ గ్రోత్’ తెచ్చుకుని, ఆ ఏడొందల పైచిలుకు పేజీలతో కుస్తీ పట్టి మూడో వారానికి చేతులెత్తేశాను. 1870 తర్వాతి నూరేళ్లలో కరెంటు, పంపు నీళ్లు, కారు అక్కడి ఇళ్లను ఎలా మార్చాయో భలే చెబుతాడు. కాకపోతే అది ఐదో పుస్తకంగా చదవాల్సింది.

ఒకే ఒక్క ఘట్టం పట్టుకోండి. 1929 మార్కెట్ పతనం, దాని వెనకే వచ్చిన మహామాంద్యం అయితే సులువు. గాల్‌బ్రెయిత్ ‘ద గ్రేట్ క్రాష్ 1929’ చిన్నది, వెటకారం దట్టించి రాసింది. తెరిచే ముందు అట్ట లోపల మూడు అంకెలు వేసుకోండి: అమెరికా షేర్ల ధరలకు కొలమానమైన డౌ జోన్స్ సూచీ 1929 సెప్టెంబరు 3న 381, 1932 జులై 8న 41, మళ్లీ 381 దాటింది 1954 నవంబరులో. రచయిత మాటల జోరులో కొట్టుకుపోకుండా ఉంటారు.

తర్వాత ఒకదానితో ఒకటి పేచీ పడే పుస్తకాలు తీయండి. లియాఖత్ అహమద్ ‘లార్డ్స్ ఆఫ్ ఫైనాన్స్’లో నలుగురు సెంట్రల్ బ్యాంకర్లు బంగారు ప్రమాణాన్ని (కరెన్సీ విలువను బంగారానికి కట్టేసే పద్ధతి) పట్టుకు వేలాడి కొంప ముంచారు. ఆర్థికవేత్తలు మిల్టన్ ఫ్రీడ్‌మన్, అనా ష్వార్ట్జ్‌లు 1963లో రాసిన పుస్తకంలో దోషి ఫెడ్, అంటే అమెరికా కేంద్ర బ్యాంకు: 1929–33 మధ్య చలామణీలోని డబ్బు మూడో వంతు హరించుకుపోతుంటే చూస్తూ కూర్చుందని. అది మొత్తం చదవక్కర్లేదు, మాంద్యం అధ్యాయం ‘ద గ్రేట్ కాంట్రాక్షన్’ పేరుతో విడిగా దొరుకుతుంది.

పెన్సిల్ అవసరం ఇక్కడినుంచే. 1936లో అమెరికా నిరుద్యోగం సుమారు 17 శాతమని ఒకచోట చదివి నోట్సులో రాసుకున్నాను. ఇంకోచోట అదే ఏడాదికి దాదాపు 10 అని ఉంది. అచ్చుతప్పు అనుకుని కొట్టేశాను కూడా. కాదట. 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం డబ్ల్యూపీఏ అనే ఉపాధి సంస్థను పెట్టి రోడ్లు, బడులు కట్టించింది. ఆ పనుల్లో జీతం తీసుకుంటున్నవాళ్లను ఆర్థికవేత్త స్టాన్లీ లెబర్గాట్ నిరుద్యోగుల్లోనే లెక్కేశాడు. మరో ఆర్థికవేత్త మైకేల్ డార్బీ 1976లో వాళ్లను ఉద్యోగుల వైపు మార్చాడు. మనుషులు వాళ్లే, ఖాతా మారింది! రూజ్‌వెల్ట్ మాంద్యం నుంచి గట్టెక్కించడానికి తెచ్చిన న్యూ డీల్ కార్యక్రమాలను తప్పుపట్టే ఆమిటీ ష్లేస్ ‘ద ఫర్‌గాటెన్ మ్యాన్’ మొదటి లెక్కనే వాడుకుంది, చరిత్రకారుడు ఎరిక్ రౌచ్‌వే దాన్ని గట్టిగా విమర్శించాడు. పార పట్టి సాయంత్రానికి కూలి తీసుకున్నవాణ్ని పని లేనివాడనడం నాకైతే మింగుడుపడదు. అది శాశ్వత ఉద్యోగం కాదన్న వాదనా కొట్టిపారేసేది కాదు.

అందుకే నిరుద్యోగ శాతం కనబడగానే వెనక ఉన్న నోట్సుకు వెళ్లి ఎవరి లెక్కో చూడండి, పేరు పక్కనే రాసుకోండి. డాలర్లు కనబడితే ఏ ఏటి డాలరో చూడండి. ఔన్సు బంగారం అధికారిక ధరను 20.67 డాలర్ల నుంచి 1934లో 35కు పెంచి డాలరు విలువ తగ్గించిన దేశం అది. నోట్సే లేని పుస్తకమైతే కథలా చదువుకోండి, అంకెలు మాత్రం ఎత్తిరాసుకోకండి.

కొట్టేసిన ఆ 10ని మళ్లీ రాశాను. ఇప్పుడు 1936 ఎదుట రెండూ ఉన్నాయి, పక్కన ఇద్దరి పేర్లతో.