కొత్తగా టీమ్ లీడ్ అయ్యారా? ఏది మేనేజ్‌మెంటో ఏది లీడర్‌షిప్పో ఇలా విడగొట్టుకోండి

కొత్తగా టీమ్ లీడ్ అయినవాళ్ళు ఎక్కువగా చేసేది ఏంటంటే, నిన్నటిదాకా కలిసి టీ తాగిన వాళ్ళనే ఇవాళ గంటకోసారి "స్టేటస్ ఏంటి" అని అడగడం, లేదంటే మంచివాడు అనిపించుకోవాలని ఎవరికి ఏ పనో కూడా చెప్పకుండా గాలికొదిలేయడం. నేనైతే రెండూ చేశాను, అదీ మొదటి ఆరు నెలల్లోనే.

ముందు ఒక పేపర్ తీసుకుని పోయిన వారం మీరు చేసినవన్నీ రాయండి. పని పంచడం, లీవులు చూడడం, డెడ్‌లైన్లు, క్లయింట్‌కి రిపోర్టు ఇవన్నీ మేనేజ్‌మెంట్, పక్కన "మే" అని పెట్టండి. ఈ పని అసలు ఎందుకు చేస్తున్నామో చెప్పడం, అందరూ నాన్చుతున్న విషయం తేల్చేయడం, జూనియర్‌కి కాస్త పెద్ద పని అప్పగించి వెనకాల ఉండడం, ఇవి "లీ". నా పేపర్లో మొదటిసారి ఒక్క "లీ" కూడా లేదు.

అలాగని "మే"ని చిన్నచూపు చూడకండి. కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, తర్వాత ఢిల్లీ మెట్రో కట్టించిన రైల్వే ఇంజనీరు ఇ. శ్రీధరన్ గారినే తీసుకోండి. 1964 డిసెంబర్ తుఫానుకి రామేశ్వరం వెళ్ళే పాంబన్ రైలు వంతెన దెబ్బతింటే, బాగుచేయడానికి రైల్వే 6 నెలలు అనుకుంది, ఆయన 46 రోజుల్లో చేసి చూపించారు. తర్వాత ఢిల్లీ మెట్రోలో గడువుకి ఇంకా ఎన్ని రోజులుందో వెనక్కి లెక్కపెట్టే బోర్డులు పెట్టించారు. ఇది అచ్చమైన మేనేజ్‌మెంట్. అదే 2009 జులైలో ఢిల్లీలోని జమ్రుద్‌పూర్ దగ్గర కడుతున్న మెట్రో వంతెన కూలి మనుషులు చనిపోతే, ఎంక్వైరీలో ఎవరి తప్పో తేలేదాకా ఆగలేదు, బాధ్యత నాది అని రాజీనామా ఇచ్చేశారు (ఒప్పుకోలేదు, ఆయన కొనసాగారు, అది వేరే సంగతి). ఇది లీడర్‌షిప్. ఆ బోర్డులు పెట్టించినాయనే ఈ పనీ చేశారు, అందుకే మేనేజరూ లీడరూ వేరే వేరే మనుషులు అన్నట్టు చెప్పే క్లాసులు నాకు నచ్చవు.

మన ఆఫీసులో ఎలా అంటే, అర్ధరాత్రి ప్రొడక్షన్ (కస్టమర్లు వాడుతున్న అసలు సిస్టమ్) పడిపోయింది అనుకోండి, ఆ టైమ్‌లో స్పీచులు వద్దు, ఎవరు లాగ్స్ (సిస్టమ్ రాసుకునే రికార్డులు) చూడాలి, ఎవరు పాత వెర్షన్ వెనక్కి పెట్టాలి, క్లయింట్‌తో ఎవరు మాట్లాడాలి, పేర్లు పెట్టి చెప్పండి, అరగంటకోసారి అప్‌డేట్ అడగండి, అప్పుడు అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. పొద్దున క్లయింట్ కాల్‌లో మాత్రం తప్పు చేసిన కుర్రాడి పేరు మీ నోటి నుంచి రాకూడదు, "మా రివ్యూలో దొరకలేదు, అది నా పని" అనండి. అతనితో మాట్లాడాల్సింది తలుపేసుకుని విడిగా మాట్లాడండి, గట్టిగానే మాట్లాడండి.

ఇంకోటి, మీటింగులు కలిపేయకండి. స్టాండప్ (టీమ్ రోజువారీ చిన్న మీటింగ్) పదిహేను నిమిషాలు, పని సంగతులే. రెండు వారాలకోసారి ఒక్కొక్కరితో విడిగా కూర్చున్నప్పుడు స్టేటస్ ఊసే ఎత్తకండి, "నీకు ఇక్కడ ఏం అడ్డం వస్తోంది" అని అడిగి ఊరుకోండి. మొదటిసారి "ఏం లేదన్నా, అంతా ఓకే" అంటారు. మూడోసారికి గానీ అసలు సంగతి బయటికి రాదు, నాతో ఒకమ్మాయి అప్పుడే చెప్పింది, నేను గంటకోసారి పెట్టే మెసేజ్‌ల వల్లే తన పని ఆగిపోతోందని.