కొత్త కాలనీకి ప్రాథమిక పాఠశాల: పిల్లల లెక్క ఎలా వేయాలి, ఎప్పుడు పంపాలి

సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభించిన డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళ సముదాయంలో 117 బ్లాకులు, 15,660 ఇళ్ళు ఉన్నాయి. ఇంటికి నలుగురు చొప్పున వేసుకుంటే, అన్నీ నిండిననాడు అక్కడి జనాభా అరవై రెండు వేలు దాటుతుంది. పట్టణ ప్రణాళికకు కేంద్రం 2014లో రూపొందించిన యూఆర్‌డీపీఎఫ్ఐ మార్గదర్శకాలు ప్రతి 5,000 మందికి ఒక ప్రాథమిక పాఠశాల, దానికి 0.40 హెక్టారు, అంటే దాదాపు ఒక ఎకరం స్థలం ఉండాలంటాయి. ఆ లెక్కన పన్నెండు పాఠశాలలకు చోటు కావాలి. మామూలు ఊరు ఇంత పెరగడానికి రెండు మూడు తరాలు పడుతుంది కనుక బడి కూడా గది తరువాత గదిగా పెరుగుతుంది. ఇటువంటి కాలనీలో మాత్రం తాళాలు చేతికిచ్చిన కొద్ది నెలల్లోనే పిల్లలు వచ్చేస్తారు.

కొల్లూరంత పెద్దవి కాకపోయినా, ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదల కోసం ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టిన గృహ సముదాయాలకు, పట్టణాల అంచున పడుతున్న లేఅవుట్లకు కూడా ఇదే చిక్కు ఉంది. అటువంటి కాలనీకి దగ్గరలోని పాఠశాల ప్రధానోపాధ్యాయులు, పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులు, వార్డు సచివాలయంలో విద్య బాధ్యత చూసే కార్యదర్శి, సీఆర్పీలు (కొన్ని బడులకు కలిపి సమాచారం సేకరించి సాయపడే క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు) కలిసి కూర్చుంటే చేయగలిగిన పనిని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఆలస్యం ఎక్కడ పుడుతుందో తెలుసుకోవాలి. గదులకూ పోస్టులకూ ఆధారంగా చూపే యూడైస్ ప్లస్ (దేశంలోని బడుల వివరాలను ఏటా నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ వ్యవస్థ) సంఖ్య సెప్టెంబరు 30 నాటిది. బడులకు కేంద్ర, రాష్ట్ర నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం వార్షిక ప్రణాళికలు దాని మీద ఆధారపడి చలికాలంలో తయారై, వేసవి నాటికి ఢిల్లీలో ఆమోదం పొందుతాయి. కార్తీకంలో గృహప్రవేశం చేసుకున్న కుటుంబంలోని పిల్లవాడు ఆ ఏడాది లెక్కలో ఉండడు. మరుసటి జూన్‌లో బడిలో చేరినా, సెప్టెంబరులో అతని పేరు నమోదై, ఆ సంఖ్య ప్రణాళికకు ఎక్కి, గది మంజూరై, స్లాబ్ పడేసరికి అతను మూడో తరగతికో నాలుగో తరగతికో వస్తాడు. కాబట్టి కొత్త కాలనీ విషయంలో యూడైస్ సంఖ్యకు తోడుగా, రాబోయే పిల్లల అంచనాను మనమే సాక్ష్యాలతో సహా పంపాలి. విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్ ప్రకారం తన పరిధిలో నివసించే పద్నాలుగేళ్ళ లోపు పిల్లల రికార్డు ఉంచవలసిన బాధ్యత స్థానిక సంస్థదే కనుక, ఈ పని అడగని పని ఎంతమాత్రం కాదు.

దీపం వెలిగే ఇళ్ళెన్ని

కట్టిన ఇళ్ళు, కేటాయించిన ఇళ్ళు, కాపురం ఉన్న ఇళ్ళు అనే మూడు సంఖ్యలను వేరువేరుగా రాసుకోవాలి. మొదటి రెండూ గృహనిర్మాణ శాఖ దగ్గరో మున్సిపాలిటీ దగ్గరో దొరుకుతాయి. మూడోది ఎవరి దగ్గరా సిద్ధంగా ఉండదు. దానికి నాకు తెలిసినంతలో నమ్మదగిన గుర్తు కరెంటు మీటరు. నెలంతా కలిపినా నాలుగు యూనిట్లు తిరగని మీటరు ఉన్న ఇల్లు తాళం వేసి ఉందనుకోవచ్చు. విద్యుత్ సిబ్బందిని వినియోగదారుల పేర్లు అడగనక్కరలేదు. బ్లాకుల వారీగా వాడకం ఉన్న మీటర్ల సంఖ్య ఇస్తే చాలు. దాన్ని మూడు నెలలకొకసారి తీసుకుంటే కాలనీ ఏ వేగంతో నిండుతున్నదో కూడా తెలుస్తుంది. అసలు లెక్కకు ఆ వేగమే ప్రాణం.

వంద ఇళ్ళకు పిల్లలెంతమంది

2011 జనాభా లెక్కలను ఇక్కడ పట్టుకు వేలాడవద్దు. అవి పాతబడిపోయాయి. పైగా కొత్త కాలనీకి వచ్చేవాళ్ళలో చిన్న వయసు దంపతులు ఎక్కువగా ఉంటారు కనుక పట్టణం మొత్తం సగటు వీళ్ళకు సరిపోదు. కాపురం ఉన్న వంద ఇళ్ళను, పై అంతస్తులూ కింది అంతస్తులూ, చిన్న ఇళ్ళూ పెద్ద ఇళ్ళూ కలిసేలా ఎంచుకుని, తలుపు తట్టి అడగడమే సరైన పద్ధతి. టిడ్కోలో 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్ళు ఉన్నాయి. ఈ మూడు రకాలకూ పిల్లల సంఖ్య ఒకేలా ఉంటుందని ముందే అనుకోకుండా విడివిడిగా రాసుకోవాలి.

అడిగే ప్రశ్న విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. ఒక కాలనీలో సర్వేకు తిరుగుతున్నప్పుడు మూడో అంతస్తులో ఒక పెద్దావిడ బియ్యం ఏరుతూ గడపలో కూర్చుని ఉంది. ఇంట్లో బడి ఈడు పిల్లలెంతమంది అని అడిగితే ఎవరూ లేరంది. నేను సున్నా రాసుకుని మెట్లు దిగబోతుంటే వెనక్కి పిలిచి, "మనవడున్నాడు బాబూ, పాతింటి దగ్గర వాళ్ళ అమ్మమ్మ కాడ ఉండి చదువుకుంటన్నాడు, ఇక్కడ బడి పెడితే తెచ్చుకుంటాం" అంది. ఆ రోజే కాగితంలో "వేరేచోట ఉండి చదువుతున్న పిల్లలు" అని ఒక గడి గీసి, అప్పటికే చూసిన ఇళ్ళకు మళ్ళీ వెళ్ళాను. అదే మెట్ల వరుసలో ఇంకో ఐదుగురు పిల్లలు తేలారు. బడి లేకపోవడం వల్ల పిల్లలు కనబడరు, పిల్లలు కనబడకపోవడం వల్ల బడి రాదు. ఈ ముడిని విప్పేది ఆ ఒక్క గడే కనుక, మిగతా కాగితం ఎలా ఉన్నా దాన్ని మాత్రం వదిలిపెట్టవద్దు.

పుట్టిన సంవత్సరం వారీగా 0 నుంచి 10 ఏళ్ళ వరకు అందరినీ రాసుకోవాలి. రాబోయే మూడు నాలుగేళ్ళ ఒకటో తరగతి అంతా ఇప్పుడు అంగన్‌వాడీ రిజిస్టరులోనూ, ఏఎన్ఎం దగ్గరున్న టీకాల రిజిస్టరులోనూ ఉంది. ఆ రెండింటితో మన కాగితాన్ని సరిచూసుకుంటే పొరపాట్లు బయటపడతాయి.

ఒక నమూనా లెక్క

కింది అంకెలన్నీ పద్ధతి తెలియడానికి ఊహించుకున్నవే. మీ కాలనీ అంకెలు మీరే వేసుకోవాలి. వెయ్యి ఇళ్ళ కాలనీలో మొదటి జూన్‌కు 300, రెండో జూన్‌కు 600, మూడో జూన్‌కు 850 ఇళ్ళలో కాపురాలు ఉంటాయనుకుందాం. సర్వేలో వంద ఇళ్ళకు 6 నుంచి 10 ఏళ్ళ పిల్లలు 38 మంది తేలారనుకుంటే, వరుసగా 114, 228, 323 మంది అవుతారు. వీరిలో నూటికి అరవై మంది ప్రభుత్వ బడి కావాలన్నారనుకుంటే 68, 137, 194. దగ్గరి ప్రాథమిక పాఠశాలలో ఇప్పటికే 86 మంది ఉంటే, మొత్తం 154, 223, 280 అవుతుంది.

ఇప్పుడు విద్యాహక్కు చట్టం షెడ్యూలు తీయండి. 60 మంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు, 121 నుంచి 200 వరకు ఐదుగురు ఉండాలి. 150 దాటితే అదనంగా ప్రధానోపాధ్యాయుడు కావాలి. 200 దాటాక ప్రధానోపాధ్యాయుణ్ణి మినహాయించి ఒక్కొక్కరికి 40 మందికి మించకూడదు. మన నమూనాలో 86 మందికి ముగ్గురితో నడుస్తున్న బడికి మొదటి ఏడాదే ఐదుగురు, ఒక ప్రధానోపాధ్యాయుడు కావాలి. రెండో ఏడు ఆరుగురు, మూడో ఏడు ఏడుగురు ఉండాలి. ఉపాధ్యాయుడికొక గది చొప్పున ఉండాలని అదే షెడ్యూలు చెబుతుంది కనుక, పోస్టుల సంఖ్య తేలితే గదుల సంఖ్యా తేలినట్టే. ఉన్న గదులను లెక్కించేటప్పుడు పైకప్పు పెచ్చులూడుతున్నదీ, బియ్యం బస్తాలు పెట్టినదీ తరగతి గదిగా రాయవద్దు.

అంకెలు ఇక్కడితో సరిపెట్టకుండా తరగతుల వారీగా విడదీయాలి. కొత్త కాలనీలో ఒకటి, రెండు తరగతులు కిక్కిరిసి, ఐదో తరగతి పలచగా ఉండడం మామూలే. మొత్తం మీద సగటు బాగున్నా, ఒకటో తరగతి గదిలో డెబ్బై మంది నేల మీద కూర్చోవలసి రావచ్చు. ఈ ఉప్పెన పదేళ్ళకు తగ్గవచ్చు కూడా. అందుకని అన్ని గదులూ ఒకేసారి అడగడం కన్నా, పై అంతస్తుకు సరిపడే పునాదితో మొదటి ఏడాది అవసరమైన గదులు కట్టించుకోవడం మేలని నా అభిప్రాయం.

దూరం, స్థలం

2010 నాటి కేంద్ర నిబంధనలు ఐదో తరగతి వరకు కిలోమీటరు లోపు బడి ఉండాలంటాయి. ఆ కిలోమీటరును మ్యాపు మీద గీత గీసి చూడకుండా, ఆరేళ్ళ పిల్ల నడిచే దారిన నడిచి కొలవాలి. మధ్యలో హైవే, రైలు పట్టాలు, కాలువ ఉంటే ఆ సంగతి నివేదికలో ఫోటోతో సహా పెట్టాలి. జనసాంద్రత ఎక్కువున్నచోట ఒకటికి మించి బడులు పెట్టవచ్చునని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. కిలోమీటరు లోపు ఒక బడి ఉందంటూ దరఖాస్తు తిప్పి పంపితే ఈ మాటే ఎత్తి చూపాలి.

స్థలం విషయంలో మెతకదనం పనికిరాదు. ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాను నకలు తీసుకుని, పాఠశాలకో సామాజిక అవసరాలకో చూపిన స్థలం సర్వే నంబరు, కొలతలు రాసుకుని, ఇళ్ళు నిండకముందే దానికి కంచె వేయించాలి. ఖాళీగా వదిలిన స్థలంలో ఏడాది తిరిగేసరికి నీళ్ళ ట్యాంకో పార్కింగో వెలుస్తుంది, ఆ తరువాత ఎవరూ కదపలేరు.

ప్రైవేటు అపార్టుమెంట్లు, గేటెడ్ కమ్యూనిటీలు ఉన్నచోట అక్కడి పిల్లలు చాలావరకు స్కూలు బస్సు ఎక్కుతారని వదిలేయవద్దు. సెల్లారులో ఉండే వాచ్‌మన్ కుటుంబాలు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, ఇంకా కడుతున్న టవర్ల పక్కన రేకుల షెడ్లలో ఉండే వలస కూలీలు ఏ జాబితాకూ ఎక్కరు. టీసీ ఆలస్యమైందనీ, పుట్టిన తేదీ పత్రం లేదనీ వాళ్ళ పిల్లలను చేర్చుకోకపోవడానికి చట్టం ఒప్పుకోదు. ఒడియా, హిందీ మాట్లాడే పిల్లలు ఎందరో విడిగా రాస్తే ఉపాధ్యాయులకు ముందే తెలుస్తుంది.

ఎప్పుడు, ఎలా పంపాలి

ఆగస్టులో మీటర్ల లెక్క, సెప్టెంబరులో ఇంటింటి సర్వే పూర్తిచేయాలి. అక్టోబరు మొదటి వారంలో యాజమాన్య కమిటీ సమావేశంలో తీర్మానం రాయించి, రెండు పేజీలకు మించని నివేదికతో మండల విద్యాధికారికి ఇచ్చి, నకలు మున్సిపల్ కమిషనర్‌కూ సమగ్ర శిక్ష జిల్లా కార్యాలయానికీ పంపాలి. మొదటి పేజీలోనే మూడేళ్ళ పట్టిక ఉండాలి. కాగితం అందినట్టు కార్యాలయం వేసే ఇన్‌వర్డ్ నంబరు, తేదీ తీసుకోకుండా ఇంటికి రావద్దు. జనవరిలో మీటర్ల లెక్క మళ్ళీ తీసి, అంచనాకూ వాస్తవానికీ తేడా వస్తే పాత నంబరు ఉదహరిస్తూ సవరణ పంపాలి. గదులు జూన్ 12కు సిద్ధం కావని మార్చికే తేలిపోతే, తాత్కాలిక వసతికి కమ్యూనిటీ హాలునూ, సర్దుబాటు మీద ఇద్దరు ఉపాధ్యాయులనూ అప్పుడే అడగాలి. మే నెలలో అడిగితే బదిలీల హడావుడిలో ఆ కాగితం అడుగున పడిపోతుంది.