పండక్కి ఇంట్లో నెట్ సెంటర్ పెట్టడం ఎలా

2006లో విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మేడ మీద ఒక నెట్ సెంటర్ ఉండేది. ఆరు కంప్యూటర్లు, గంటకు పదిహేను రూపాయలు. ట్యూషన్‌కని బయల్దేరి అక్కడ తేలేవాళ్లం. ఇప్పుడది లేదు. అందుకే మొన్న సంక్రాంతికి పెదనాన్న ఇంటి హాల్లో నేనే ఒకటి పెట్టాను.

ఆట కౌంటర్ స్ట్రైక్ 1.6, రెండు జట్లు తుపాకులతో తలపడేది. పాత లాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. ఊరికి రాకముందే అందరిచేతా స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొనిపించి, ఒకసారి ఆడించి చూడండి. ఇంట్లో ఉన్న ఒక్క వైఫై మీద పండగ పూట నలుగురు డౌన్‌లోడ్ పెడితే భోగి మంట ఆరినా అవదు. తర్వాత స్టీమ్‌ని ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టేస్తే ఇక నెట్ అక్కర్లేదు, రూటర్ ఉంటే చాలు.

అందరూ ఆ రూటర్‌కే కలవాలి, వీలైతే కేబుల్‌తో. ఒకరు న్యూ గేమ్ నొక్కి డస్ట్ 2 మ్యాప్ పెట్టాలి. మిగతావాళ్లకు ఫైండ్ సర్వర్స్‌లో లాన్ అన్నచోట అది కనిపిస్తుంది. కనిపించలేదా? సర్వర్ పెట్టిన లాప్‌టాప్‌లో నెట్‌వర్క్‌ను పబ్లిక్ నుంచి ప్రైవేట్‌కు మార్చి, ఫైర్‌వాల్‌లో ఆటకు అనుమతి ఇవ్వండి. మేం ఇవన్నీ చేసి అరగంట తలలు పట్టుకున్నాం. తీరా చూస్తే మా బావ తన ఫోన్ హాట్‌స్పాట్‌లో ఉన్నాడు.

కుర్చీలు గోడ వైపు తిప్పి, పక్కపక్కనే వేయండి. ఎదురెదురుగా కూర్చుంటే పక్కవాడి స్క్రీన్‌లోకి తొంగిచూడటం, దానికి తిట్లు తినడం ఉండవు. అవి లేకపోతే హైదరాబాద్‌లో ఎవరి గదిలో వాళ్లు ఆడుకోవచ్చు కదా! హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోండి, రెండోది తిట్లు వినడానికి.

మొదటి రౌండులో చేతిలో 800 డాలర్లే ఉంటాయి, ఏకే 47 ఖరీదు 2500. కాబట్టి అందరికీ పిస్టలే గతి. దూరం నుంచి కాల్చే ఆ పచ్చ స్నైపర్ తుపాకి, ఏడబ్ల్యూపీ, మాత్రం జట్టుకు ఒకటే అని ముందే ఒప్పుకోండి. లేకపోతే బావలు మూలల్లో నక్కి కదలరు.

రూటర్‌ను చిన్న యూపీఎస్‌కు తగిలించండి. మా నెట్ సెంటర్లో కరెంటు పోతే ఓనరు మిగిలిన నిమిషాలు చీటీ మీద రాసిచ్చేవాడు. ఆ చీటీలు పదిలంగా దాచుకునేవాళ్లం, పుస్తకాలకు అట్టలుండేవి కావు గానీ.

ఓనరు పనికి ఎవరినీ పెట్టక్కర్లేదు. "ఏట్రా, గారెలు సల్లారిపోనాయి, లెగండి" అని పెద్దమ్మ వచ్చి నిలబడింది. పాత అలవాటుకొద్దీ "ఇంకో అయిదు నిమిషాలు" అన్నాం. ఆవిడ స్విచ్ బోర్డు వైపు చూసింది.