తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంత ఉందో తెలుసుకోవడం, ఎక్కువైతే తగ్గించుకోవడం ఎలా?

ఫ్లోరైడ్ పళ్ళకు మంచిదని ఒకరు, ఎముకలను నాశనం చేస్తుందని ఇంకొకరు గంటల తరబడి వాదించుకుంటుంటారు. ఇద్దరి మాటా నిజమే. పళ్ళు పుచ్చకుండా ఉండాలని 1945లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ నగరం కుళాయి నీళ్ళలో దాన్ని కావాలనే కలపడం మొదలుపెట్టింది. అదే ఫ్లోరైడ్ భూగర్భజలంలో సహజంగా మోతాదు మించి ఉన్నచోట జనం కీళ్ళు బిగుసుకుపోయి నడవలేని స్థితికి వచ్చారు. కాబట్టి మీ నీళ్ళలో లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు ఉందో తెలియకుండా ఈ వాదనలో దిగడం దండగ. ముందు ఆ అంకె పట్టుకుందాం.

1. నీళ్ళు ఎక్కడివో చూడండి

చెరువు, నది నీళ్ళలో సాధారణంగా ఫ్లోరైడ్ తక్కువ. బోరు నీళ్ళైతే అనుమానించాల్సిందే, ముఖ్యంగా కింద గ్రానైట్ లాంటి రాయి ఉన్నచోట, ఎందుకంటే రాతిలోని ఖనిజాల నుంచి అది మెల్లగా నీళ్ళలోకి కరుగుతుంది. పక్కింటి బోరులో తక్కువ వచ్చిందని మీరు నిశ్చింతగా ఉండలేరు, పక్కపక్క బోర్ల మధ్య కూడా చాలా తేడా ఉండొచ్చు. కుళాయి నీళ్ళైతే సరఫరా చేసేవాళ్ళను పరీక్ష రిపోర్టు అడగండి.

2. శాంపిల్ తీసి ల్యాబ్‌కు ఇవ్వండి

రుచి, రంగు, వాసనలను బట్టి ఫ్లోరైడ్‌ను కనిపెట్టలేం. టీడీఎస్ మీటర్‌తో కూడా తెలియదు, అది కరిగిన లవణాల మొత్తాన్ని అంచనాగా చూపిస్తుందంతే, అందులో ఫ్లోరైడ్ వాటా ఎంతో చెప్పదు. శాంపిల్‌కు గాజు సీసా వద్దు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసుకోండి. మోటారో కుళాయో కొన్ని నిమిషాలు వదిలి, అవే నీళ్ళతో సీసాను రెండు మూడు సార్లు కడిగి, అప్పుడు నింపండి. ల్యాబ్‌లో ఫ్లోరైడ్ విడిగా చూడమని చెప్పాలి, మామూలు నీటి పరీక్షలో అన్నిసార్లూ అది ఉండదు. రంగు మారే కిట్లు కూడా దొరుకుతాయి, కానీ వాటితో ఎక్కువో తక్కువో మోటుగా తెలుస్తుంది. ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి చేయిస్తే మంచిది.

3. అంకెను మీ ఇంటికి అన్వయించుకోండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. పళ్ళ కోసం నీళ్ళలో కలిపేచోట ఇంకా తక్కువ ఉంచుతారు, అమెరికా 2015 నుంచి 0.7 చాలంటోంది. మీ రిపోర్టులో 0.7 దరిదాపుల్లో ఉంటే టెన్షన్ పడాల్సిన పనేం లేదు. 1.5 దాటితే పిల్లల పళ్ళ మీద తెల్లటి చారలు, గోధుమరంగు మచ్చలు వచ్చే అవకాశం పెరుగుతుంది. 3 నుంచి 6 మధ్య ఉన్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముకలకు ముప్పు. 10 దాటితే మనిషిని వికలాంగుడిని చేసే స్థాయి.

అయితే ఈ 1.5 హద్దును పెద్దవాళ్ళు రోజుకు 2 లీటర్లు తాగుతారన్న లెక్కతో పెట్టారు. ఎండలో పనిచేసే మనిషి 5 లీటర్లు తాగితే, 1.5 ఉన్న నీళ్ళ నుంచే 7.5 మిల్లీగ్రాములు లోపలికి పోతుంది. అన్నిటి నుంచీ కలిపి రోజుకు 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకల సమస్యల ప్రమాదం పెరగొచ్చని అదే సంస్థ అంటోంది. దీనికి తోడు టీ ఆకులో ఫ్లోరైడ్ బాగానే ఉంటుంది. అందుకే రిపోర్టులో 1.4 వచ్చిందని సంబరపడే ముందు ఇంట్లో ఎవరు ఎంత తాగుతున్నారో చూసుకోండి.

4. పిల్లలున్న ఇంట్లో ఆలస్యం చేయొద్దు

పళ్ళ మీది మచ్చలకు బీజం పడేది సుమారు 8 ఏళ్ళలోపే, చిగుళ్ళ లోపల పన్ను పైపొర తయారయ్యేటప్పుడు. ఆ తర్వాత నీళ్ళు మార్చినా పడిన మచ్చ పోదు, గార అనుకుని క్లీనింగ్ చేయించినా పోదు. పాలపొడి కలిపే నీళ్ళ మీద ఇంకా జాగ్రత్త అవసరం, ఒంటి బరువుతో పోలిస్తే పసిబిడ్డ తాగే నీళ్ళే ఎక్కువ. లీటరుకు 1.5 మించిన ఫ్లోరైడ్‌కూ పిల్లల తెలివితేటలు తగ్గడానికీ సంబంధం ఉందని రసాయనాల విషప్రభావాన్ని పరిశీలించే అమెరికా ప్రభుత్వ విభాగం నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2024లో ఓ మాదిరి నమ్మకంతో తేల్చింది, 0.7 దగ్గర ఏమవుతుందో చెప్పడానికి మాత్రం ఆధారాలు చాలవంది. ఈ రెండో ముక్క వదిలేసి మొదటిదే ఫార్వర్డ్ చేసేవాళ్ళు చాలామంది. పేస్టు సంగతికొస్తే, మూడేళ్ళలోపు వాళ్ళకు బియ్యపు గింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత, మింగకుండా ఉమ్మేయాలి.

5. ఎక్కువుంటే ఏం చేయాలి

ముందు చేయకూడనిది చెబుతా. మరిగించొద్దు! అంటే క్రిములు చావడానికి మరిగించుకోండి, తప్పులేదు, కానీ ఫ్లోరైడ్ ఆవిరవదు, నీళ్ళే ఆవిరై మిగిలినవాటిలో అది ఇంకాస్త చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, యూవీ లైటు, మామూలు బొగ్గు ఫిల్టరు దీనికి పనికిరావు.

వీలైతే నీళ్ళు మార్చుకోవడమే నా ఓటు. శుభ్రంగా పట్టిన వాననీళ్ళలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు, 2.4 ఉన్న బోరు నీళ్ళతో సగానికి సగం కలిపితే 1.2కు దిగుతుంది. కుదరకపోతే ఆర్వో (నీళ్ళను సన్నటి పొర గుండా నెట్టి వడగట్టే ఫిల్టరు) చాలావరకు తీసేస్తుంది, ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుకునే గుళికలుండే యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టరు కూడా పనిచేస్తుంది, కాకపోతే దాని శక్తి అయిపోయినా నీళ్ళు మామూలుగానే వస్తుంటాయి కాబట్టి మీకు తెలియదు. పటిక, సున్నం కలిపి తేర్చే నల్లగొండ పద్ధతి ఉంది గానీ, మోతాదు నీళ్ళను బట్టి లెక్కకట్టాలి, తప్పితే నీళ్ళలో అల్యూమినియం మిగిలిపోతుంది, ఇంట్లో కంటికొలతతో చేసే పని కాదు.

తాగడానికి, వంటకు వాడే నీళ్ళు మారిస్తే చాలు. ఫ్లోరైడ్ చర్మం గుండా చెప్పుకోదగ్గంతగా లోపలికి పోదు, స్నానానికి, బట్టలకు బోరు నీళ్ళే వాడుకోండి. ఆర్వో వదిలేసే నీళ్ళలో మాత్రం ఫ్లోరైడ్ మరీ ఎక్కువ, వాటిని పొరపాటున కూడా వంటకో పశువులకో పెట్టొద్దు. ఫిల్టరు బిగించాక వచ్చే నీళ్ళను మళ్ళీ ల్యాబ్‌కు పంపండి, తర్వాత కూడా ఆరు నెలలకోసారి పంపుతూ ఉండండి.