‘నాగరికత మేలా, భారమా?’ డిబేట్‌కి వెళ్ళే ముందు చేయాల్సిన పని

ఈ టాపిక్ ఏదో ఒక రూపంలో ప్రతి ఏడాదీ వస్తూనే ఉంటుంది. “నాగరికత మనిషిని సుఖపెట్టిందా?” అని ఒకచోట, “కట్టుబాట్లు కాపాడాయా, కట్టిపడేశాయా?” అని ఇంకోచోట. ఈ మధ్య ఒక పోటీలో సూటిగానే ఇచ్చారు: “సహజ ప్రవృత్తులను అణచుకున్నందుకు తగ్గ ఫలితం నాగరికత మనకు ఇచ్చింది.” నేను రాజమండ్రిలో డిగ్రీ పిల్లలకు పొలిటికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. జడ్జీగా పిలిస్తే వెళ్తుంటాను, ఇంటికొచ్చి అడిగిన పిల్లలకు తర్ఫీదు ఇస్తుంటాను. వాళ్ళకు నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మీ ప్రసంగంలో మొదటి నిమిషం కొట్టేయండి. అనుకూలంగా మాట్లాడేవాళ్ళు ఆదిమానవుడు రాళ్ళు రాపాడించి నిప్పు పుట్టించిన దగ్గర మొదలుపెట్టి చక్రం, కరెంటు, చంద్రయాన్ దాకా వస్తారు. వ్యతిరేకంగా మాట్లాడేవాళ్ళు వృద్ధాశ్రమాలు, సెల్‌ఫోన్ అంటారు. ఇద్దరూ టాపిక్‌లో ఉన్న ‘అణచుకున్నందుకు’ అన్న మాటను ముట్టుకోరు. జడ్జీల బల్ల దగ్గర మేం ఎదురుచూసేది దానికోసమే. నిప్పు, చక్రం వస్తున్నాయంటే నా పెన్ను కింద పెట్టేస్తాను, మొహమాటం లేకుండా చెబుతున్నాను.

తర్వాత ఒక తెల్ల కాగితం తీసుకుని నాలుగు ప్రశ్నలు రాయండి. ఏ ప్రవృత్తి? అది ఎవరిది? దాన్ని ఎవరు అణచారు? అణచినందువల్ల మేలు కలిగింది ఎవరికి? కోపం వచ్చినప్పుడు కొట్టకుండా ఆగడం వేరు, ఇష్టపడ్డ మనిషిని పెళ్ళి చేసుకోకుండా ఆగడం వేరు. రెండింటినీ కలిపి ‘ప్రవృత్తులు’ అని మూట కడితే మీరు ఏ పక్షం మాట్లాడినా సగం అబద్ధం చెప్పాల్సి వస్తుంది. ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికే ఉదాహరణలు రెండు చాలు. పది తెచ్చుకుంటే ఒక్కటీ నిలబడదు.

ఇక ఫ్రాయిడ్, మనోవిశ్లేషణను మొదలుపెట్టిన వియన్నా డాక్టరు. ఈ టాపిక్‌లో ఆయన పేరు రాకుండా పోదు. చాలామంది “ఫ్రాయిడ్ చెప్పినట్టు మనిషి కోరికల పుట్ట” అని దాటేస్తారు. ఆయన అలా అనలేదు. 1929 వేసవిలో, 73 ఏళ్ళ వయసులో, ఫ్రాయిడ్ జర్మన్‌లో ఒక చిన్న పుస్తకం రాశాడు. అది 1930లో వచ్చింది. ఇంగ్లీషులో ‘సివిలైజేషన్ అండ్ ఇట్స్ డిస్కంటెంట్స్’ పేరుతో దొరుకుతుంది. వీలైతే మొత్తం చదవండి, ఆదివారం ఒక పూట చాలు. వాదన స్థూలంగా ఇది: కలిసి బతకాలంటే మనిషి తన కామాన్నీ దౌర్జన్యాన్నీ కొంత వదులుకోవాలి. వదులుకున్న సుఖానికి బదులుగా భద్రత దొరుకుతుంది. కానీ అణచిన దౌర్జన్యం మాయమైపోదు, లోపలికి తిరిగి తన మీదే పడుతుంది. దాన్నే మనం తప్పు చేశామన్న బాధగా అనుభవిస్తాం. జయించిన ఊళ్ళో దండు దిగి కాపలా కాసినట్టు అంతరాత్మ మన లోపల కూర్చుంటుందని ఆయనే పోల్చాడు.

దీన్ని మన ఇళ్ళలోకి తెచ్చి చెప్పండి. కార్తీక సోమవారం ఉపవాసం ఉండి, అలవాటు కొద్దీ గుక్కెడు కాఫీ తాగేసి, రాత్రంతా కుమిలిపోయే మనిషిని మీరు చూసే ఉంటారు. ఏ నియమమూ పట్టించుకోని మనిషి పక్క గదిలో గురకపెట్టి నిద్రపోతుంటాడు. బుద్ధిమంతుల్నే అంతరాత్మ ఎక్కువ సతాయిస్తుందని ఫ్రాయిడ్ అన్నది ఇదే. వ్యతిరేక పక్షానికి ఇంతకంటే బలమైన పాయింటు లేదు, అయినా దీన్ని వాడేవాళ్ళు తక్కువ.

ఆయన ఇచ్చిన ఇంకో ఉదాహరణ మన తెలుగువాళ్ళ కోసమే రాసినట్టు ఉంటుంది. దూరాన ఉన్న బిడ్డ గొంతు టెలిఫోన్‌లో వినగలగడం సుఖం కాదా అని తనే అడిగి, అసలు రైలే లేకపోతే ఆ బిడ్డ ఊరు దాటేవాడే కాదు, టెలిఫోన్ అవసరమూ ఉండేది కాదు అని జవాబు చెప్పాడు. చలిరాత్రి దుప్పట్లోంచి కాలు బయటపెట్టి మళ్ళీ లోపలికి లాక్కుంటే కలిగే సుఖం లాంటిదట ఇది. మనవణ్ణి వీడియో కాల్‌లో చూసుకునే అమ్మమ్మలు హాల్లో ఉంటారు కాబట్టి ఈ మాటకు నవ్వూ వస్తుంది, గొంతులో ఏదో అడ్డమూ పడుతుంది. అయితే ఇక్కడ ఆగిపోకండి. అంత మాత్రాన నాగరికత దండగని ఫ్రాయిడ్ తేల్చలేదు, అడవికి పోదామనీ అనలేదు. ఎదుటి పక్షం పుస్తకం చదివి వచ్చి ఉంటే ఈ సంగతి పట్టుకుని మిమ్మల్ని ఇరికిస్తుంది. ఆయన్ని రెండు పక్షాలకూ పనికొచ్చే సాక్షిగానే తీసుకోండి. అనుకూలంగా మాట్లాడేవాళ్ళకు ఆయన దౌర్జన్యం గురించి చెప్పింది అవసరం. వ్యతిరేకులకు అపరాధ భావం గురించి చెప్పింది.

వియన్నా నుంచి గోదావరికి రావడం మాత్రం మర్చిపోవద్దు. నేను పిల్లలకు తప్పకుండా చెప్పించే ఉదాహరణ మా ఊరిదే. వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని చట్టం 1856లో వచ్చింది. (ఫ్రాయిడ్ పుట్టిందీ ఆ ఏడాదే, కావాలంటే ఒక వాక్యం వాడుకోండి.) రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. మధ్యలో పాతికేళ్ళు. చట్టం ఒప్పుకున్నాక కూడా అడ్డుపడింది పోలీసులు కాదు. జనం లోపల కూర్చున్న భయం, వెలివేస్తారన్న బెదురు. వంటవాళ్ళు, నీళ్ళు తెచ్చేవాళ్ళు రావడం మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే నీళ్ళు మోసి వంట చేసిన సంగతి ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. ఫ్రాయిడ్ చెప్పిన లోపలి కాపలా అంటే ఏమిటో దీనికంటే బాగా అర్థమయ్యే ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇప్పుడు ఆ నాలుగు ప్రశ్నలూ దీనికి వేయండి. పదేళ్ళ పిల్ల భర్త పోతే గుండు, తెల్లచీర, ఒంటిపూట భోజనం. అరవై ఏళ్ళ మగవాడికి భార్య పోతే ఏడాది తిరక్కుండా కొత్త పెళ్ళి. ఊరు ఒకటే, నాగరికతా ఒకటే, అణచుకోవడం మాత్రం ఒకరి నెత్తిన, సుఖం ఇంకొకరి ఇంట్లో. ‘మనిషి తన ప్రవృత్తులను అణచుకున్నాడు’ అని ఎవరైనా వాదిస్తే, ఏ మనిషి అని మీరు అడగాలి. ఎదురు వాదనలో ఈ ఒక్క ప్రశ్నకే సగం మార్కులు పడటం నేను చూశాను.

కానీ వ్యతిరేక పక్షం వాళ్ళు సంబరపడక్కర్లేదు. ఫ్రాయిడ్ తన పుస్తకం రాస్తున్న 1929లోనే మన దేశంలో బాల్య వివాహాలను ఆపే శారదా చట్టం వచ్చింది. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అమ్మాయికి 14, అబ్బాయికి 18 నిండాలన్నది. అదీ కట్టుబాటే కదా! పెద్దవాళ్ళ ఇష్టానికి పగ్గం వేసి పసిపిల్లలకు ఊపిరి ఇచ్చింది. వితంతువు మీద పెట్టిన నిషేధమూ నాగరికత పేరుతోనే వచ్చింది, ఈ నిషేధమూ నాగరికత పేరుతోనే వచ్చింది. నన్నడిగితే నేను నాగరికత పక్షమే. చదువుకుని, ఉద్యోగం చేసి, పెన్షన్ తీసుకుంటున్న ఆడదాన్ని, ఇంకో పక్షం ఎలా మాట్లాడతాను? అయితే కట్టుబాట్లన్నీ ఒకే గాటన కట్టి ‘లాభం ఎక్కువా, నష్టం ఎక్కువా’ అని తూకం వేయడం నాకు నచ్చదు. ఏ కట్టుబాటు ఎవరిని ఆపి ఎవరికి దారి ఇచ్చిందన్నది విడివిడిగా చూడాలి. మీరు నాతో ఏకీభవించకపోయినా మార్కులు పోవు.

అంకెలు రెండో మూడో చాలు. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు మన సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్ళు, ఇప్పుడు 70 ప్రాంతంలో ఉంది. మశూచి చివరి కేసు మన దేశంలో 1975లో వచ్చింది, ప్రపంచంలోనే లేదని 1980లో ప్రకటించారు. ఇవి చెప్పి ఊరుకుంటే మళ్ళీ నిప్పు, చక్రం కథే. టాపిక్‌కి ముడిపెట్టండి: టీకా వేయించుకోవడం, జబ్బు పడ్డవాళ్ళను విడిగా ఉంచడం, ఎక్కడపడితే అక్కడ ఉమ్మకపోవడం, ఇవన్నీ మన ఇష్టాన్ని ఆపుకోవడమే, దానికి ఫలితం కళ్ళముందు ఉంది.

అడవి మనుషుల గురించి మాట్లాడేటప్పుడు మాత్రం జాగ్రత్త. 1966లో షికాగోలో జరిగిన ఒక సదస్సులో మార్షల్ సాలిన్స్ అనే మానవశాస్త్రజ్ఞుడు, వేటాడి ఏరుకుని బతికేవాళ్ళదే తొలి సంపన్న సమాజం అన్నాడు. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో అలా బతికేవాళ్ళ మీద రిచర్డ్ లీ అనే ఇంకో మానవశాస్త్రజ్ఞుడు వేసిన లెక్క ప్రకారం తిండి సంపాదనకు వారానికి 20 గంటలు కూడా పట్టలేదు. వ్యతిరేక పక్షం ఎగిరి పట్టుకునే అంకె ఇది. వాడుకోండి, కాని వండటం, పనిముట్లు చేసుకోవడం లాంటివి కలిపాక లీ లెక్కే 40 గంటలు దాటిందని ఎదుటివాళ్ళు అంటే నోరు వెళ్ళబెట్టకుండా ఉండేలా సిద్ధపడండి. ఇంకోటి: “మన గిరిజనులు ఏ కట్టుబాట్లూ లేకుండా స్వేచ్ఛగా బతుకుతారు” అని ఎప్పుడూ అనొద్దు. కోయలకూ కొండరెడ్లకూ కూడా ఒకే వంశంలో పెళ్ళి కూడదు. అణచుకోవడం లేని సమాజం ఎక్కడా లేదు. పైగా మా దగ్గర పోటీలకు రంపచోడవరం వైపు నుంచి పిల్లలు వస్తారు, అలాంటి మాట విని నవ్వుకుంటారు.

ఎదురు వాదనలో తప్పకుండా వచ్చేది హిట్లర్. ఇక్కడ తేదీలు గుర్తుంచుకోండి. ఫ్రాయిడ్ పుస్తకం వచ్చిన ఏడాది సెప్టెంబరు ఎన్నికల్లో నాజీలకు 107 సీట్లు వచ్చాయి. 1933లో ఆయన పుస్తకాలను బెర్లిన్‌లో తగలబెట్టారు. 1938లో ఆయన వియన్నా వదిలి లండన్ వెళ్ళాల్సి వచ్చింది, మరుసటి ఏడాది అక్కడే పోయాడు. వెనక మిగిలిన నలుగురు చెల్లెళ్ళు నాజీల చేతిలో బలైపోయారు. అనుకూల పక్షం “చూశారా, పగ్గం వదిలేస్తే ఇలా ఉంటుంది” అంటుంది. బాగానే ఉంది. కానీ రైళ్ళు టైముకి నడిచాయి, గుమస్తాలు రిజిస్టర్లు రాశారు, సైనికులు పై అధికారి చెప్పింది చేశారు. అదంతా పగ్గం వదిలిన గుర్రమా, లేక మరీ గట్టిగా బిగించిన గుర్రమా? ఈ ప్రశ్న మీరు వేస్తే ఎదుటివాళ్ళకు చెమటలు పడతాయి. మిమ్మల్ని వేస్తే ఏం చెబుతారో కూడా ఇప్పుడే రాసిపెట్టుకోండి.

“అయితే మీరు అడవికి పోతారా?” అన్న ఎగతాళి కూడా వస్తుంది. 1749లో ఫ్రాన్స్‌లో దీజాన్ అకాడమీ, శాస్త్రాలూ కళలూ వికసించాక నీతి బాగుపడిందా అని వ్యాసరచన పోటీ పెడితే, బాగుపడలేదని రాసి రూసో అనే తత్వవేత్త 1750లో బహుమతి గెలుచుకున్నాడు. ఆయన కూడా అడవికేం పోలేదు. నవ్వుతూ ఆ మాట చెప్పి ముందుకు సాగండి.

మాట్లాడే తీరు గురించి ఎక్కువ చెప్పను. నాలుగు నిమిషాలు ఇస్తే మూడున్నరకు సరిపడా రాసుకోండి. పద్యంతో ముగించొద్దు. కార్డు మీద వాక్యాలు కాదు, పేరు, ఏడాది, నాలుగు ప్రశ్నలు మాత్రం ఉండాలి. ముందు రోజు రాత్రి ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి మీకు వచ్చిన పక్షం కాకుండా రెండో పక్షం మాట్లాడండి. వాళ్ళు ఎక్కడ తలూపారో చూసి, ఆ పాయింటుకి జవాబు కార్డు వెనక రాసుకుని పడుకోండి.